కొత్త ఇల్లు ఆరేదాకా

సూరత్‌లో లింబాయత్, డిండోలీ వైపు వెళ్తే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి పవర్‌లూమ్ పరిశ్రమలో స్థిరపడ్డాయి. వీళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఏళ్ల తరబడి ఒకే గదిలో అద్దెకున్న కుటుంబం సొంత ఫ్లాటో, రో హౌసో కొనుక్కుంటే ఊళ్లో ఉన్న బంధువులంతా రైలెక్కి వస్తారు. ముహూర్తం పెట్టించడం, పాలు పొంగించడం, గడపకు పసుపు రాసి మామిడాకులు కట్టడం అన్నీ మన పద్ధతిలోనే జరుగుతాయి. పక్కింటి గుజరాతీ కుటుంబం కుంభం పెట్టి వాస్తుపూజ చేసుకున్నంత శ్రద్ధగా మనవాళ్లు సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు.

ఆ ముహూర్తానికి ముందు రెండు మూడు వారాలు ఇంట్లో ఊపిరి సలపదు. ఒకవైపు లప్పం పెడుతుంటారు, మరోవైపు రంగు వేస్తుంటారు. హాల్లో ఫాల్స్ సీలింగ్ బిగిస్తుంటే పడగ్గదిలో వడ్రంగి ప్లైవుడ్ కోస్తుంటాడు. చుట్టాలు వచ్చేసరికి ఇల్లు మెరిసిపోవాలి, అదొక్కటే ధ్యాస. మెరుస్తుంది కూడా. తొలి వానాకాలం వచ్చేసరికి గోడ కింది భాగంలో రంగు బుడగలు కట్టి లేస్తుంది. బీరువా వెనక నల్లటి మచ్చలు పుడతాయి. కొత్త అల్మారా తలుపు తీస్తే కళ్లు మండుతాయి. మేస్త్రీనో, పెయింటర్‌నో, బిల్డర్‌నో తిట్టుకుంటాం. వాళ్ల తప్పు కొంత ఉండొచ్చు. ఎక్కువసార్లు అసలు కారణం మాత్రం వేరు. కట్టడం పూర్తయిన ఇల్లు ఇంకా ఆరలేదు. లోపలి నీళ్లు, క్షారం, జిగురు వాయువులు బయటికి పోవడానికి దానికి నెలలు పడుతుంది. ఆ గడువు ఇవ్వకుండా చేసిన అలంకారం నిలవదు.

గోడలో దాగిన నీళ్లు

సిమెంటు గట్టిపడటం, ఆరడం ఒకటే అనుకుంటాం. కానీ అవి వేర్వేరు పనులు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి రాయిలా మారుతుంది, అందుకు నీళ్లే కావాలి. అందుకే స్లాబు వేశాక మడులు కట్టి తడుపుతాం. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడపాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఇళ్లకు సాధారణంగా వాడే ఎం-20 కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదని అదే ప్రమాణం నిర్దేశిస్తుంది. ఆ 50 కిలోల సిమెంటు పూర్తిగా గట్టిపడినా రసాయనికంగా తనలో బంధించుకునేది బరువులో 23 శాతం, అంటే సుమారు పదకొండున్నర లీటర్లు. మిగిలిన దాంట్లో కొంత అతిసన్నని రంధ్రాల్లో అతుక్కుని ఉండిపోతుంది. తక్కినదంతా ఆవిరై పోవాల్సిందే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 400 బస్తాల సిమెంటు అని మేస్త్రీలు చెప్పే వాడుక లెక్క తీసుకుంటే, కలపడానికి పోసిన నీళ్లే దాదాపు 12,000 లీటర్లు. దానికి తోడు ఇటుకలు నానబెట్టిన నీళ్లు, గిలాబు మీద రోజూ కొట్టిన నీళ్లు, గచ్చు కడిగిన నీళ్లు ఉంటాయి. గృహప్రవేశం నాటికి ఇంటి గోడల్లో, స్లాబుల్లో ఇంకా వేల లీటర్ల నీరు ఉంటుందన్నమాట.

ఈ మధ్య కొత్త భవనాల్లో ఎర్ర ఇటుక బదులు తేలికైన ఏఏసీ బ్లాకులు ఎక్కువయ్యాయి. వీటిని ఆవిరి ఒత్తిడిలో ఉడికించి తయారుచేస్తారు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఈ బ్లాకులో తన పొడి బరువులో దాదాపు మూడో వంతు నీరే ఉంటుంది. వాటిని అప్పుడే పేర్చి వెంటనే ప్లాస్టరింగ్ చేస్తే ఆ నీరంతా లోపలే చిక్కుకుపోతుంది.

తీగ మీద ఆరేసిన బట్ట ఆరినట్టు గోడ ఆరదు. మొదటి కొద్ది రోజులు పైపొర తొందరగా ఆరుతుంది. చేయి పెట్టి చూస్తే పొడిగా ఉంటుంది, అక్కడే మనం మోసపోతాం. లోపలి నీరు సన్నని రంధ్రాల గుండా మెల్లగా పైకి రావాలి. గచ్చు మందంలో ప్రతి మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆరే గడువు లెక్కవేయడం బ్రిటన్ నిర్మాణరంగంలో స్థిరపడిన సూత్రం. అదీ గాలి బాగా ఆడి, తేమ తక్కువగా ఉంటేనే. 50 మిల్లీమీటర్ల గచ్చుకు 50 రోజులు. మందం పెరిగితే గడువు అంతకు మించి పెరుగుతుంది. రెండువైపులా గిలాబు పూసిన తొమ్మిది అంగుళాల గోడ ఆరడానికి కొన్ని నెలలు పడుతుంది.

28 రోజులు ఆగితే చాలు, రంగు వేసేయొచ్చు అనే మాట అందరి నోటా వింటాం. కాంక్రీటు బలాన్ని 28వ రోజున పరీక్షించడం ఆనవాయితీ కాబట్టి ఆ అంకె అలా పాతుకుపోయింది. అది బలానికి పెట్టుకున్న గడువు. తడి ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు.

సూరత్ గాలిలో ఎంత చోటుంది?

ఆరడమంటే గోడలోని నీరు గాలిలోకి పోవడం. అందుకు గాలిలో చోటుండాలి. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 27 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. జులైలో గాలిలో తేమ 85 శాతం ఉన్న రోజున అందులో 23 గ్రాములు అప్పటికే నిండి ఉంటాయి. గోడ నుంచి కొత్తగా తీసుకోవడానికి మిగిలింది 4 గ్రాముల చోటే. జనవరి మధ్యాహ్నం కూడా అదే 28 డిగ్రీలు ఉండి తేమ 40 శాతమే అయితే, గాలిలో ఉన్నది 11 గ్రాములే. ఇంకా 16 గ్రాముల చోటుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినా ఆరబెట్టే శక్తి నాలుగు రెట్లు ఎక్కువ.

సూరత్ అరేబియా సముద్రానికి చేరువలో, తాపీ నది ఒడ్డున ఉన్న నగరం. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఆ నాలుగు నెలలు గోడలు ఆరవు సరికదా, వాన కొట్టే పడమటి గోడలు ఇంకా తడుస్తాయి. శ్రావణంలో మంచి ముహూర్తాలుంటాయి కాబట్టి మనవాళ్లు చాలామంది ఆ నెలలోనే గృహప్రవేశం పెట్టుకుంటారు. దివాళీ లోపు రంగులు పూర్తి కావాలన్నది సూరత్ అంతటా ఉన్న ఆరాటం. గోడలో నీరు అత్యధికంగా ఉండే కాలం కూడా సరిగ్గా అదే. ముహూర్తం మార్చమని ఎవరూ అనరు. పాలు పొంగించుకోండి, కాపురం పెట్టండి. ఖరీదైన రంగు, వాల్‌పేపరు, గోడకు బిగించే చెక్కపని మాత్రం దివాళీ దాటాక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగే పొడి కాలానికి వదిలిపెట్టండి.

ఫ్యాను వేసి కిటికీలు మూసేస్తే ఆరుతుందనుకోవడం పొరపాటు. ఫ్యాను గదిలోని గాలినే తిప్పుతుంది. ఆ గాలి తేమతో నిండిపోయాక గోడ నుంచి తీసుకోవడం ఆపేస్తుంది. ఎదురెదురు కిటికీలు తీసి లోపలి గాలిని బయటికి పంపాలి. వాన పడే రోజుల్లో మాత్రం వంటింట్లో, స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను వాడాలి. ఏసీ ఉంటే అది కొంత తేమను నీటిగా మార్చి బయటికి పంపుతుంది.

పసుపు చెప్పే సంగతి

సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. మనం తడి సున్నం అనేది ఇదే. దీనివల్ల కొత్త గోడలోని తడికి పీహెచ్ 12 నుంచి 13 వరకు ఉంటుంది. అంటే తీవ్రమైన క్షారం. లోపలి ఇనుప కడ్డీలకు ఇది మేలు చేస్తుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పైన వేసే రంగుకు మాత్రం కీడు చేస్తుంది. ఎనామెల్ వంటి నూనె ఆధారిత రంగుల్లోని కొవ్వు పదార్థంతో క్షారం కలిస్తే సబ్బు తయారవుతుంది. సబ్బు తయారీలో జరిగే చర్యే గోడ మీద జరుగుతుంది. రంగు జిగటగా మారి, వెలిసిపోయి, పొరలుగా ఊడుతుంది.

గోడ పైపొరలో క్షారం ఎంత ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పసుపులో ఉండే కర్క్యుమిన్ మామూలుగా పసుపుపచ్చగా ఉంటుంది. పీహెచ్ తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి అది ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేసి ఎర్రనీళ్లు చేసేది ఈ గుణంతోనే. కాళ్లకు పెట్టే పారాణిలో ఎరుపు వచ్చేదీ ఇలాగే. లప్పం పెట్టకముందు గోడలో ఒక మూల శుభ్రమైన నీటిలో కలిపిన పసుపును వేలితో రాయండి. వెంటనే ఎర్రబడితే పైపొర ఇంకా క్షారంగా ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పైపొరలోని సున్నం సుద్దగా మారే కొద్దీ ఆ ఎరుపు తగ్గుతుంది. ఎన్నాళ్లు గడిచినా గోడ లోతుల్లో క్షారం ఉంటూనే ఉంటుంది. దాన్ని పైకి మోసుకొచ్చేది నీరు. నీరు పోతే క్షారం కదలదు. కాబట్టి అసలు షరతు మళ్లీ ఆరడమే.

తడి సంగతి తెలుసుకోవడానికి ఇంకో తేలిక పరీక్ష ఉంది. కాంక్రీటు గచ్చుల కోసం అమెరికా ప్రమాణాల్లో ఉన్న పద్ధతి ఇది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక పాలిథీన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. మర్నాడు తీసి చూస్తే కాగితం లోపలివైపు నీటి చెమ్మ కనిపించినా, ఆ చోట గచ్చు రంగు ముదిరినా లోపల ఇంకా నీరుందని అర్థం. గోడ మీదా ఇలాగే చూసుకోవచ్చు. ప్రతి గదిలో బయటి గోడ కింది భాగంలో ఒకటి, స్నానాల గదిని ఆనుకున్న గోడకు ఒకటి అంటించి చూస్తే చాలు.

మొదటి ఏడాది గోడలు బోసిగా ఉండాల్సిన పని లేదు. మన పల్లెల్లో సంక్రాంతికి, దసరాకి వేసే సున్నం ఈ అవసరానికి చక్కగా సరిపోతుంది. సున్నమే క్షారం కాబట్టి గోడలోని క్షారం దాన్నేమీ చేయలేదు. ఆవిరిని అడ్డుకోదు కాబట్టి గోడ ఆరుతూనే ఉంటుంది. బూజు పెరగడానికి అంత క్షారం అనువు కాదు. ఒక్క జాగ్రత్త, తర్వాత ఎమల్షన్ వేసేటప్పుడు ఆ వెల్లను గీకి తీసేయాలి, లేకపోతే కొత్త రంగు పట్టుకోదు. గీకే శ్రమ వద్దనుకునేవాళ్లు క్షారాన్ని తట్టుకునే ప్రైమరు మీద ఒక చేయి సాదా ఎమల్షన్ వేసి ఏడాది గడపొచ్చు. వినైల్ వాల్‌పేపరు, మెరుపు ఎనామెల్ వంటివి ఆవిరిని లోపలే బంధిస్తాయి. తొలి ఏడాది వాటి జోలికి పోకూడదు.

రంగు కొనేటప్పుడు సీసం సంగతి కూడా చూడాలి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ వివరం లేని చౌక ఎనామెల్‌ను, పిల్లలు చేతులు పెట్టే తలుపులకు, కిటికీ కమ్ములకు వాడొద్దు.

ఉప్పు పొంగు

గోడ మీద తెల్లటి పొడి పొంగడాన్ని సూరత్‌లో లూణో అంటారు. ఇటుకలోనో, ఇసుకలోనో, కలిపిన నీళ్లలోనో ఉన్న లవణాలు గోడలోని నీటిలో కరిగి పైకి వస్తాయి. నీరు ఆవిరైపోయాక లవణం స్ఫటికాలుగా మిగులుతుంది. ఆ స్ఫటికాలు పైపొర మీద ఏర్పడితే తుడిస్తే పోతాయి. రంగు వెనకో, లప్పం వెనకో ఏర్పడితే వాటి ఒత్తిడికి పొర లేచిపోతుంది. రంగు పొక్కులు కట్టడానికి తరచూ ఇదే కారణం.

తీర ప్రాంతాల్లో ఉప్పు కలిసిన బోరు నీళ్లు సామాన్యం. ఐఎస్ 456 ప్రకారం ఇనుము వాడే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కారణం, క్లోరైడ్లు కడ్డీలను తుప్పు పట్టిస్తాయి. కట్టుబడి ఇంకా సాగుతున్న ఇల్లయితే నీటి పరీక్ష కాగితం అడిగి చూడండి. ఇటుకనూ పరీక్షించొచ్చు. ఒక పాత్రలో 25 మిల్లీమీటర్ల లోతు నీళ్లు పోసి ఇటుకను నిలబెట్టి, నీళ్లు ఇంకి ఆవిరయ్యాక మళ్లీ అంతే పోసి ఆరనివ్వాలి. ఇటుక ఉపరితలంలో పదో వంతు వరకే తెల్లబడితే పొంగు స్వల్పం. సగం వరకు తెల్లబడితే మధ్యస్థం. అంతకు మించి పొడి రాలితే ఆ ఇటుక ఇంటికి పనికిరాదు.

ఉప్పు పొంగిన గోడను నీళ్లతో కడగడం అందరూ చేసే పొరపాటు. కడిగిన నీళ్లతో ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్‌తో రుద్ది ఊడ్చేయాలి. మళ్లీ పొంగితే మళ్లీ ఊడ్చాలి. పొంగు పూర్తిగా ఆగాకే లప్పం పెట్టాలి. నెలల తరబడి ఆగకపోతే నీరు కొత్తగా ఎక్కడి నుంచో వస్తోందన్నమాట. స్నానాల గది పైపో, టెర్రస్ పగులో, పునాది నుంచి ఎగబాకే చెమ్మో వెతకాలి.

తొలి ఏడాది పగుళ్లు

నీరు పోయేకొద్దీ కాంక్రీటు కుంచించుకుపోతుంది. పరీక్ష ఫలితాలు లేనప్పుడు ఈ సంకోచాన్ని పదివేల భాగాల్లో మూడు భాగాలుగా తీసుకోవచ్చని ఐఎస్ 456 అంటుంది. అంటే మూడు మీటర్ల పొడవుకు దాదాపు ఒక మిల్లీమీటరు. గిలాబు ఇంకాస్త ఎక్కువే కుంచించుకుపోతుంది. వెంట్రుకంత సన్నని పగుళ్లు రావడానికి అది చాలు. కాంక్రీటు పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట నిలువుగా వచ్చే గీతలు ఈ కోవలోవే. రెండూ వేర్వేరుగా కుంచించుకుపోతాయి. అందుకే ఆ అతుకు మీద ముందుగా చికెన్ మెష్ అనే ఇనుప జాలి కొట్టి ఆపై ప్లాస్టరింగ్ చేయాలి.

దక్షిణ గుజరాత్ నేల చాలామటుకు నల్లరేగడి. మన తెలంగాణ పత్తి భూముల్లాగే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతు తక్కువగా ఉన్న రో హౌసు ఈ కదలికను ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిస్తే గానీ పూర్తిగా చూపించదు. సన్న పగుళ్లకు కంగారు పడి వెంటనే పూడ్చొద్దు. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. ఏడాదిలో కదలకుండా ఉండిపోతే పూడ్చి రంగు వేయండి. వెడల్పు పెరుగుతూ పోయినా, మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగినా, స్లాబులోనో, దూలంలోనో కనిపించినా ఇంజనీరుకు చూపించాలి.

కొత్త చెక్క వాసన

కొత్త అల్మారా నుంచి వచ్చే ఘాటు వాసనను కొత్తదనం అనుకుని సంతోషిస్తాం. అందులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకల్లో చెక్కను అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేమ తగిలితే మెల్లగా విడిపోతూ ఈ వాయువును వదులుతుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఎక్కువగా వదులుతుంది. సూరత్ వానాకాలంలో రెండూ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటి గాలిలో ఏ అరగంటలోనూ దీని సగటు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదన్నది ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

హద్దు దాటితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. 2005లో కత్రినా తుపాను తర్వాత నిరాశ్రయులకు ప్రభుత్వం ట్రెయిలర్ ఇళ్లు ఇచ్చింది. వాటిలో చేరినవాళ్లకు కళ్లమంటలు, దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007 డిసెంబరు, 2008 జనవరిలో 519 ట్రెయిలర్లలో గాలిని కొలిచింది. వంద కోట్ల భాగాల గాలిలో సగటున 77 భాగాల ఫార్మాల్డిహైడ్ తేలింది. దాదాపుగా ఆరోగ్య సంస్థ హద్దును తాకే మోతాదు ఇది. కొన్నింటిలో అంతకు ఏడెనిమిది రెట్లు ఉంది. కొలిచింది చలికాలంలో కాబట్టి వేసవిలో ఇంకా పెరుగుతుందని ఆ కేంద్రం హెచ్చరించింది. చిన్న గదులు, నిండా నొక్కుడు చెక్క, గాలి మారని కిటికీలు కలిసి ఆ పరిస్థితి తెచ్చాయి. పదడుగుల పడగ్గదిలో మూడు గోడలకూ అల్మారాలు బిగించి, ఏసీ కోసం కిటికీ మూసేసుకుంటే మనమూ అదే పరిస్థితి తెచ్చిపెట్టుకుంటాం.

జాగ్రత్తలు కష్టమైనవేమీ కావు. ఎంఆర్ రకం ప్లైవుడ్‌లో సాధారణంగా యూరియా జిగురు ఉంటుంది. ఐఎస్ 710 గుర్తున్న బీడబ్ల్యూపీ రకంలో ఫీనాల్ జిగురు వాడతారు, అది వదిలే ఫార్మాల్డిహైడ్ చాలా తక్కువ. పలకల మీద ఇ-1, ఇ-0 అనే తక్కువ విడుదల గుర్తులూ అడగొచ్చు. వాయువు ఎక్కువగా కోసిన అంచుల నుంచే వస్తుంది కాబట్టి కనిపించని వెనక అంచులకు కూడా ఎడ్జ్ బ్యాండ్ వేయించాలి. చెక్కపని పూర్తయ్యాక తలుపులు, సొరుగులు బార్లా తెరిచి కొన్ని వారాలు గాలి ఆడనివ్వాలి. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో పడుకోవడం ఆ తర్వాతే మొదలుపెట్టాలి.

మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందనే నమ్మకం 1989లో నాసా చేసిన ఒక అధ్యయనంతో ప్రచారమైంది. అందులో మొక్కలను గాలి చొరని చిన్న పెట్టెల్లో పెట్టి పరీక్షించారు. 2019లో అమెరికా పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నింటినీ తిరిగి లెక్కగట్టారు. మామూలుగా భవనంలో ఆడే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే ప్రతి చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మనీప్లాంట్ అందానికి పెట్టుకోండి. గాలి కోసం కిటికీ తెరవండి.

సూరత్ బట్టతో సద్దుమణిగే ఇల్లు

కొత్త ఇంట్లో మాట్లాడితే గొంతు గుహలో మోగినట్టు ఉంటుంది. నున్నటి గోడలు, విట్రిఫైడ్ టైల్స్ శబ్దాన్ని దాదాపు పూర్తిగా తిప్పికొడతాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో పాఠం ఎవరికీ అర్థం కావట్లేదని, కారణం కనిపెట్టమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్రవేత్తకు అప్పగించారు. పలికిన మాట అక్కడ ఐదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేది. ఆయన పక్క మందిరం నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, ఒక్కొక్కటే పెంచుతూ మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. గది పరిమాణం పెరిగితే మోత పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చే మెత్తటి వస్తువులు పెరిగితే తగ్గుతుంది అన్న సూత్రం అలా వచ్చింది.

ఆ సూత్రంతో మన గదిని లెక్కగట్టొచ్చు. 12 అడుగులు, 10 అడుగులు, పదడుగుల ఎత్తున్న ఖాళీ గదిలో శబ్దం మూడు సెకన్ల దాకా నిలుస్తుంది. మడతలున్న మందపాటి తెరలు ఒక గోడకు, ఒక పరుపు, నేల మీద ఒక దుప్పటో, తివాచీయో చేరితే సెకను లోపుకు దిగుతుంది. రోజంతా 90 డెసిబెళ్లు దాటిన మగ్గాల హోరులో పనిచేసి వచ్చే మనిషికి ఆ నిశ్శబ్దం ఆరోగ్యంతో సమానం.

అందుకు కావలసిన బట్ట ఊళ్లోనే తయారవుతుంది. సూరత్ కృత్రిమ దారాల బట్టలకు దేశంలోనే పెద్ద కేంద్రం. పాలియెస్టర్ మామూలు గాలిలో తన బరువులో 0.4 శాతం తేమనే పీలుస్తుంది. నూలు బట్ట 8 శాతం దాకా పీలుస్తుంది. నూలులోని సెల్యులోజ్ బూజుకు ఆహారం, పాలియెస్టర్ కాదు. కాబట్టి గోడలు ఇంకా ఆరని తొలి ఏడాది కిటికీలకు పాలియెస్టర్ తెరలే మేలు. శబ్దాన్ని పీల్చేది బట్ట మందం, మడతలు. తెరను కిటికీ వెడల్పుకు రెట్టింపు తీసుకుని, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా వేలాడదీస్తే శబ్దమూ తగ్గుతుంది, వెనక గాలీ ఆడుతుంది.

ఆ ఎడం సూత్రమే బీరువాలకూ వర్తిస్తుంది. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. బయటి గోడకు ఆనించిన బీరువా వెనక గాలి కదలదు, అక్కడే ముందుగా నల్లబడుతుంది. రెండు మూడు అంగుళాలు జరిపి పెట్టండి. కింది అంతస్తు ఇల్లయితే ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీళ్లతో తాపీ పొంగి సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. కింది అంతస్తులో నేలకు అతికించిన చెక్కపని కంటే కాళ్ల మీద నిలిచే, జరపగలిగే సామాను మంచిది. స్విచ్ బోర్డులను ఎత్తులో పెట్టించుకోవడం క్షేమం.

ఇంటికి దాచుకున్న డబ్బంతా గృహప్రవేశానికి ముందు వారాల్లోనే ఖర్చు చేయకండి. అందులో మూడో వంతు పక్కన పెట్టండి. మొదట కరెంటు, నీళ్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, కిటికీ దోమతెరలు సరిచూసుకుని, ఒక చేయి వెల్లతో కాపురం మొదలుపెట్టండి. ఒక వానాకాలం గోడల తీరు గమనించండి. పాలిథీన్ కాగితం పొడిగా ఉండి, ఉప్పు పొంగు ఆగి, పగుళ్లు కదలడం మానాక, దివాళీ దాటిన పొడి రోజుల్లో మీకు నచ్చిన రంగులు వేయించుకోండి. చుట్టాలు చూసి మెచ్చుకునేది ఒక్క రోజు. మీరూ మీ పిల్లలూ ఆ గోడల మధ్య ఊపిరి పీల్చేది ఎన్నో ఏళ్లు. ఇంటికి ఆ ఒక్క ఏడాది గడువు ఇవ్వండి.